అవ్వ డబ్బాలో పదకొండు వెండి రూపాయలు: అమ్మే ముందు గ్రేడింగ్ చేయించాలా?

ఈ ఎపిసోడ్ మూడు వారాలు లేటయింది. లేటవ్వడానికి కారణం ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ రూపాయి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. 1911. ఒకవైపు ఐదో జార్జి తల. అద్దంలా తళతళలాడుతోంది కదా? పాడు చేసింది ఆ తళతళే. ఎలాగో తర్వాత చెప్తా. ముందు అసలు సంగతి.

మాది మార్కాపురం. పోయిన ఏడాది మా అవ్వ పోయింది. పెద్దకర్మ అయ్యాక ఆమె పెట్టె తెరిస్తే, పాత బిస్కెట్ డబ్బాలో పసుపు గుడ్డలో చుట్టిన పదకొండు వెండి రూపాయలు దొరికాయి. అవ్వకి ఇద్దరు కూతుళ్లు. మా అమ్మ మార్కాపురంలో ఉంది, చిన్నమ్మ వాళ్లది గిద్దలూరు దగ్గర పల్లె. చిన్నమ్మ వాళ్లు రెండేళ్లలో మూడు బోర్లు వేశారు. రెండింటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మన పశ్చిమ ప్రకాశంలో ఈ కథ ఎవరికీ కొత్త కాదు. ఆ బోర్ల అప్పుకి వడ్డీ కడుతూనే ఉన్నారు. ఈ రూపాయలు చూడగానే చిన్నమ్మ కొడుకు ఫోన్ తీసి ఒక రీల్ చూపించాడు. "పాత విక్టోరియా నాణెం ఉంటే మీరు లక్షాధికారులే" అని ఎవరో అరుస్తున్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను బీటెక్, పైగా సాఫ్ట్‌వేర్ చేసి మానేసి వీడియోలు చేసేవాణ్ని కాబట్టి నాకు అన్నీ తెలుసని మా ఇంట్లో వాళ్ల నమ్మకం.

రీల్స్ సంగతి ముందే తేల్చేద్దాం. పాత నోట్లు, నాణేలు కొంటాం అమ్ముతాం అంటూ రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో వాడుకుని కమిషన్, ట్యాక్స్ అడుగుతున్నారని, మాకు దాంతో ఏ సంబంధం లేదని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. మీ దగ్గర నాణెం కొనేవాడు మీకు డబ్బులివ్వాలి. మిమ్మల్నే ముందు డబ్బులు కట్టమంటే ఫోన్ పెట్టేయండి. అయిపోయింది.

ఇక సీరియస్ ప్రశ్న. నిజంగా పాత నాణేలు సేకరించేవాళ్లు ఉన్నారు, వేలంపాటలు జరుగుతాయి, కొన్ని రూపాయలకి నిజంగానే పెద్ద ధర వస్తుంది. అక్కడ పదే పదే వినపడే మాట గ్రేడింగ్. నాణేన్ని ఒక కంపెనీకి పంపిస్తే వాళ్లు అసలుదో నకిలీదో చూసి, ఎంత అరిగిందో చూసి, 1 నుంచి 70 లోపు ఒక నంబర్ వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తారు. ఆ నంబర్ ఉంటే ధర పెరుగుతుందంటారు. మరి అవ్వ రూపాయల్ని పంపించాలా, ఉన్నవి ఉన్నట్టు అమ్మాలా? ఈ మూడు వారాలూ దీని మీదే కూర్చున్నా.

ఈ నంబర్ల పిచ్చి ఎక్కడ పుట్టిందో చూస్తే నవ్వొస్తుంది. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ అనే సైకాలజిస్టు పాత అమెరికన్ సెంట్ల మీద ఒక పుస్తకం రాశాడు. బాగా అరిగిపోయి ఏ నాణెమో మాత్రమే తెలిసేదానికి 1, ముద్ర పడినప్పటి అందం చెక్కుచెదరనిదానికి 70. మూల ధరని ఈ నంబర్‌తో గుణిస్తే మార్కెట్ ధర వచ్చేయాలని ఆయన ఆలోచన. ఫార్ములా కొన్నాళ్లకే పనికిరాకుండా పోయింది, స్కేల్ మాత్రం ఉండిపోయింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్జీసీ అనే కంపెనీలు ఆ స్కేల్ పట్టుకుని డబ్బాల్లో సీల్ చేయడం మొదలుపెట్టాయి. 1991లో ఇదే పద్ధతి బేస్‌బాల్ కార్డులకి వచ్చింది. ఆ కంపెనీ పేరు పీఎస్ఏ, అక్కడ స్కేల్ 1 నుంచి 10.

బేస్‌బాల్ కార్డు మనకెందుకు అంటారేమో. ఒక్క కథ చెప్తా, వదిలేస్తా. 1909-11 మధ్య అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు వేసేవాళ్లు. మన చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డుల్లాంటివే. అందులో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు అచ్చు మధ్యలోనే ఆగిపోయింది, అందుకే ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద కొన్ని పదులే ఉన్నాయి. ఒక వాగ్నర్ కార్డు 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడైంది. అయితే నేను చెప్పేది ఇంకో వాగ్నర్ గురించి. 1991లో పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు అదే. 10కి 8 ఇచ్చారు. ఎనభై ఏళ్ల కార్డు, అంచులు కత్తిలా ఉన్నాయి, అందరూ ఆహా అన్నారు. 2013లో దాని పాత యజమాని, వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో, కోర్టులో ఒప్పుకున్నాడు: అమ్మేముందు దాని అంచులు నేనే కత్తిరించాను అని! అంచులు కత్తిలా ఎందుకున్నాయో అర్థమైంది కదా. నిబంధన ప్రకారం కత్తిరించిన కార్డుకి నంబరే ఇవ్వకూడదు. అంటే సర్టిఫికెట్ నంబర్ ఒకటే తప్పు.

అలాగని గ్రేడింగ్ అంతా మోసం అనట్లేదు. నకిలీలు నిండిన మార్కెట్లో, ముఖం చూడకుండా ఆన్‌లైన్లో కొనేవాడికి మూడో మనిషి మాట కావాలి. నిజానికి ఆ మూడో మనిషి మనకి కొత్తేమీ కాదు. అమెరికా వాడు డబ్బా కనిపెట్టక ముందే మన బజార్లో ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు షరాబు.

చూడండి, ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజ్యంలో రూపాయిని ప్రధాన నాణెంగా చేసింది 1818లో. అంతకుముందు లెక్కలు వరహాల్లో. నూరు వరహాలకి మూడొందల యాభై రూపాయలని మార్పిడి రేటు కట్టారు. మన ప్రాంతం 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చింది, అదే దత్త మండలం. అప్పట్లో ఊళ్లలో తిరిగే నాణేలు ఒక రకం కాదు. ఒక్కో నవాబుది ఒక్కో టంకశాల, ఒక్కో బరువు, ఒక్కో వెండి పాలు. రైతు శిస్తు కట్టడానికి నాణెం తెస్తే దాన్ని రాతి మీద మోగించి, తూచి, అవసరమైతే చిన్న పోటు పొడిచి లోపల రాగి ఉందేమో చూసి, "దీనికి ఇంత వట్టం" అని తగ్గించేవాడు షరాబు. బెంగాల్లో అయితే ఇంకా విచిత్రం. టంకశాల నుంచి వచ్చిన మొదటి ఏడాది సిక్కా రూపాయికి పూర్తి విలువ, తర్వాత ఏడాదికి తరుగు. కొత్త ఫోన్ బాక్స్ తెరవగానే రేటు పడిపోయినట్టు.

బంగారానికైతే గీటురాయి. పదహారు వన్నెల బంగారం అంటే అందులో వంక లేదని. రూపాయికి పదహారు అణాలు, అందుకే పదహారణాల తెలుగమ్మాయి అంటాం. అంటే మనకీ స్కేల్ ఉంది, 70 బదులు 16. తేడా ఎక్కడంటే, షరాబు కొలిచేది లోపలి లోహాన్ని. పైన గీత పడిందా, మెరుపు పోయిందా అన్నది ఆయనకి అక్కర్లేదు. అమెరికా గ్రేడర్ నంబర్ వేసేది పై మెరుపుకి. మా అవ్వ రూపాయలకి చిక్కు వచ్చింది సరిగ్గా ఇక్కడే.

షరాబు పెత్తనం తగ్గింది 1835 చట్టంతో. దేశం మొత్తానికి ఒకే కంపెనీ రూపాయి. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. ఈ బరువు, ఈ పాలు 1939 దాకా మారలేదు. నూరేళ్లకి పైగా! దీంతో మీకో లెక్క దొరుకుతుంది, రాసుకోండి. పాత వెండి రూపాయిలో అసలు వెండి 10.69 గ్రాములు. ఈరోజు గ్రాము వెండి రేటుని 10.69తో గుణించండి. ఎంత అరిగినా, ఎంత మాసినా, మీ రూపాయికి దరిదాపు ఆ విలువ ఉన్నట్టే. అరుగుదలకి కొంచెం తీసేయండి. దీనికన్నా తక్కువకి అడిగేవాడికి దణ్ణం పెట్టి వచ్చేయండి.

సరే, ఇప్పుడు డబ్బా తెరుద్దాం. ఒక్కోటి చూపిస్తా.

ఇవి రెండూ 1862. రాణి రూపాయలు. విక్టోరియా, తల మీద కిరీటం. 1862 అని ఉంది కాబట్టి అదే ఏడాదివి అనుకోకండి. టంకశాలల వాళ్లు ఆ తేదీనే 1874 దాకా వేస్తూ పోయారు. బొంబాయి వాళ్లు ఏ ఏడాదిదో గుర్తుండటానికి చిన్న చిన్న చుక్కలు పెట్టారు. ఆ చుక్కల లెక్కని బట్టి కొన్ని రకాలు అరుదు, మిగతావి కుప్పలు. నేను భూతద్దం పెట్టి రెండు రాత్రులు చుక్కలు లెక్కపెట్టా. కోడ్‌లో బగ్ వెతికినట్టే ఉంది, జీతం మాత్రం లేదు.

కానీ అంచు చూడండి. పైన ఇక్కడ చిన్న గడ్డలా ఉంది కదా? అది టంకం. ఈ రెండింటికీ ఒకప్పుడు కొక్కెం అతికించారు. అవ్వ వాళ్లమ్మ వీటిని దండలో గుచ్చి మెడలో వేసుకునేదట. ఎప్పుడో కొక్కేలు తీయించేశారు. మన వైపు తండాల్లో సుగాలీ ఆడవాళ్ల పాత రవికెలకి, దండలకి ఇలాంటి రూపాయలు, అర్ధలు, పావలాలు కుట్టి ఉండటం మీరూ చూసే ఉంటారు. అప్పట్లో ఊళ్లో బ్యాంకు ఎక్కడుంది? మంచి ఏడాది వస్తే రూపాయి మెడలోకి ఎక్కుతుంది. కరువొస్తే మెడలోంచి దిగుతుంది. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాని ఎలా ఊడ్చేసిందో చాలామంది రాశారు. అన్నట్టు, మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లాలోవే. దానికి ప్రకాశం అని పేరు మారింది 1972లో. ఆ కరువులో జనం అమ్ముకున్న వెండి నగలు బొంబాయి టంకశాలకి చేరి, కరిగి, మళ్లీ రూపాయలయ్యాయి. రూపాయి నగ అవుతుంది, నగ రూపాయి అవుతుంది. ఈ రెండు నాణేలూ కనీసం ఒకసారి ఆ చక్రం తిరిగినవే.

గ్రేడర్ దృష్టిలో? కొక్కెం తీసిన నాణేనికి నంబరే రాదు. "అసలుదే, కానీ దెబ్బతింది" అని రాసి పంపిస్తారు. ఫీజు మాత్రం మొత్తం తీసుకుంటారు. కాబట్టి ఈ రెండూ లిస్టులోంచి ఔట్.

తర్వాతది 1900. విక్టోరియానే, 1877 నుంచి బిరుదు మారి ఎంప్రెస్, అంటే చక్రవర్తిని. చాలా మామూలు నాణెం. ఇది 1907, ఏడో ఎడ్వర్డు. చూశారా, కిరీటం లేని తల. బాగా అరిగింది, చెవి కూడా కనపడట్లేదు.

ఇవి మూడూ 1918, ఇది 1919, ఇది 1920. ఈ ఐదింటి కథ నాకు భలే నచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మన దేశంలో వెండి అయిపోయింది. జనం నోటు ఇచ్చి రూపాయి అడుగుతున్నారు, ఖజానాలో రూపాయల్లేవు. నోటు మీద నమ్మకం పోతే యుద్ధం మధ్యలో బ్రిటిష్ వాళ్ల పని అయిపోయేది. అప్పుడు 1918 ఏప్రిల్లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని 27 కోట్ల వెండి డాలర్లని కరిగించింది. అందులో సుమారు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్‌కి అమ్మితే, అది మన టంకశాలలకి వచ్చింది. ఆ వెండితో రాత్రింబవళ్లు రూపాయలు కొట్టారు. 1918 ఒక్క ఏడాదే కలకత్తా, బొంబాయి కలిపి నలభై కోట్లు దాటింది. కరిగిపోయినవి ఎక్కువగా మోర్గాన్ డాలర్లు. ఇవాళ అమెరికాలో జనం ఎగబడి గ్రేడింగ్ చేయించుకునే నాణెం ఏదంటే, కరక్కుండా మిగిలిన ఆ మోర్గాన్ డాలరే! వాళ్ల డాలర్ వాళ్ల దగ్గర మిగిలితే ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుంది. కరిగి ఇక్కడికి వచ్చింది మార్కాపురంలో బిస్కెట్ డబ్బాలో కూర్చుంది.

కథ ఎంత బాగున్నా, నలభై కోట్లు కొట్టిన నాణెం అరుదు కాదు. చెయ్యి మారకుండా మెరుపుతో ఉన్నది దొరికితే అది వేరే సంగతి. ఇవి సంతలకి వెళ్లొచ్చినవి. వెండి రేటుకి కొంచెం పైన, అంతే.

ఇదిగో, ఇది 1944. ఆరో జార్జి. దీన్ని మిగతావాటితో కలిపి తూచి మోసపోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గించేశారు. వెండి లెక్కలో దీన్ని సగం రూపాయి అనుకోండి. 1947 రూపాయి అయితే వెండే లేదు, నికెల్. వెనక పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. "తాత కాలం నాటి వెండి" అని ఎవరైనా దాన్ని అంటగడితే జేబులో అయస్కాంతం ఉంచుకోండి.

పదయ్యాయి. పదకొండోది, మొదట చూపించిన 1911.

ఐదో జార్జి గద్దెక్కాక వచ్చిన మొదటి రూపాయి. రాజుగారి అంగీ మీద ఒక పతకం గొలుసు, అందులో చిన్న ఏనుగు. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడు. బజార్లోకి రాగానే జనం, "ఇది ఏనుగేంటి, పంది!" అన్నారు. రూపాయి మీద పంది అంటే మన దేశంలో ఊరుకుంటారా? ముస్లింలకి నిషిద్ధం, హిందువులకీ నచ్చదు. 1857 తూటాల కొవ్వు గొడవ ఇంకా మర్చిపోలేదు. సర్కారు భయపడి నాణేల్ని వెనక్కి తీసుకుంది. 94 లక్షలు కొడితే బయటికి వెళ్లినవి 7 లక్షలే, మిగతావి కరిగించారు. 1912లో తొండం సరిచేసి మళ్లీ వేశారు. అందుకే 1911 రూపాయికి సేకరించేవాళ్ల దగ్గర గిరాకీ ఉంటుంది. పంది రూపాయి అనే పేరే స్థిరపడిపోయింది.

మొత్తం డబ్బాలో గ్రేడింగ్‌కి అర్హత ఉన్నది ఇదొక్కటే. డబ్బాలోంచి తీసినప్పుడు ఇది ఇలా లేదు. నల్లగా, అంచుల దగ్గర నీలం, ఊదా రంగు తేలుతూ ఉంది. అరుగుదల దాదాపు లేదు. అవ్వ దీన్ని ఎందుకో విడిగా కాగితంలో చుట్టి పెట్టింది. మిగతా పదీ ప్రతి వరలక్ష్మీ వ్రతానికి బయటికొచ్చి, చింతపండుతో, విభూతితో రుద్దించుకుని, పసుపు కుంకుమ పెట్టించుకుని లోపలికి పోయినవి. ఇది మాత్రం ఆ రుద్దుడు తప్పించుకుంది.

నా నుంచి తప్పించుకోలేదు.

పోయిన నెల ఈ ఎపిసోడ్‌కి థంబ్‌నెయిల్ ఫోటో తీస్తున్నా. నల్లగా ఉంటే ఫోటోలో తల కనపడట్లేదు. బాత్రూంలోకి వెళ్లా. టూత్‌పేస్ట్, పాత బ్రష్. రెండు నిమిషాలు. మెరిసిపోయింది. ఫోటో అదిరింది. అదే తళతళ, మొదట్లో మీకు చూపించింది.

తర్వాత ఒంగోలులో పాత నాణేల మీద నలభై ఏళ్ల అనుభవం ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. ఆయన లైటు కింద పెట్టి, నాణేన్ని అటూ ఇటూ ఒకసారి వంచారు. చేతిలోకి తీసుకుని పది సెకన్లు కాలేదు.

"ఏం నాయనా, కడిగినావా?"

నేను మాట్లాడలేదు.

"ఎంత రోజైంది?"

"వారం అండీ."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. భూతద్దం నాకిచ్చి చూడమన్నారు. రాజుగారి బుగ్గ మీద, ఖాళీ స్థలంలో, వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి. బ్రష్ వెళ్లిన దిక్కు. విషయం ఏంటంటే, టంకశాలలో ముద్ర పడ్డప్పుడు ఆ ఒత్తిడికి లోహం బయటికి పారుతుంది. దాని జాడలు కంటికి కనపడనంత సన్నగా ఉపరితలం మీద ఉండిపోతాయి. కొత్త నాణేన్ని వంచితే వెలుగు చక్రంలా తిరుగుతుందే, అది వాటి వల్లే. పేస్ట్‌లో ఉండే సన్నటి పొడి వాటిని గీకేస్తుంది. మళ్లీ రావు. నల్లటి పొర మురికి అనుకున్నా నేను. గ్రేడర్‌కి అది నూరేళ్లు ఎవరూ ముట్టుకోలేదన్న సాక్ష్యం. ఇప్పుడు దీన్ని పంపినా 1862 వాటిలాగే నంబర్ రాదు, "కడిగినది" అని రాసిస్తారు.

"కడక్కపోతే పంపించమనేవాళ్లా?" అని అడిగా.

"ఆలోచించేవాణ్ని. పంపించే దారి చూసుకోవాలి కదా" అన్నారాయన.

దారి అన్నమాట నాకప్పుడు అర్థం కాలేదు. ఇంటికొచ్చి చదివితే గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే వారం ముందే నేను అమెరికా కంపెనీ ఫారం సగం నింపి, కొరియర్ రేట్లు కూడా కనుక్కున్నా. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. దాని ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం బయటికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, ప్రభుత్వం అనుమతించిన సంస్థకి మాత్రమే. మామూలు మనిషి పార్శిల్ కడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. "తిరిగి తెప్పించుకుంటాం కదండీ" అంటే కుదరదు. "మెటల్ టోకెన్ అని రాసి పంపు బ్రో" అని నాకు సలహా ఇచ్చిన ఫ్రెండ్ ఒకడున్నాడు. వాడి మాట వినుంటే ఈ ఎపిసోడ్ మా లాయర్ చేసేవాడు. మా పదకొండులో పది నూరేళ్లు దాటినవే. 1944ది ఒక్కటే దాటలేదు. వయసు మీద అనుమానం ఉంటే ఇది పురావస్తువు కాదు అని భారత పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి ఉంది.

దేశం లోపల, ఇంట్లో వారసత్వంగా వచ్చిన నాణేన్ని మీరు అమ్ముకోవచ్చు, దాంట్లో తప్పు లేదు. అదే వ్యాపారంగా చేసేవాడికి మాత్రం లైసెన్స్ కావాలి. ఇంకో మాట, మన వైపు వాళ్లకి ముఖ్యంగా. పునాది తవ్వుతుంటేనో పొలం దున్నుతుంటేనో కుండలో దొరికితే అది వేరే కథ. 1878 నిధి చట్టం ప్రకారం పది రూపాయలకి మించిన విలువ ఉన్న నిధి దొరికితే కలెక్టర్‌కి చెప్పాలి. ఆ పది రూపాయల లెక్క ఇంకా మార్చలేదు!

సరే, ఇక నా లెక్క చూపిస్తా. ఇంజనీర్ని కదా, అలవాటు. ముందు మీ నాణెం ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంతొస్తుందో ఇద్దరు ముగ్గుర్ని అడగండి. మంచి నంబర్ వస్తే ఎంతకి పోతుందో పాత వేలంపాటల ఫలితాలు చూడండి. అడిగిన ధరలు వద్దు, అమ్ముడైన ధరలే చూడండి. ఆ తేడాలోంచి ఫీజు, రానుపోను ఖర్చు, ఇన్సూరెన్స్ తీసేయండి. ఊరికే లెక్కకి, ఉన్నది ఉన్నట్టు మూడు వేలు, మంచి నంబర్ వస్తే పది వేలు, ఖర్చు నాలుగు వేలు అనుకుందాం. ఏడు వేల తేడాలో మూడు మిగులుతాయి, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మంచి నంబర్ వచ్చే ఛాన్స్ సగమే అనుకోండి. సగంసార్లు మూడు వేలు లాభం, సగంసార్లు నాలుగు వేలు నష్టం. పంపకపోవడమే నయం. రీల్స్‌లో చూపించేది ఆ పది వేలు ఒక్కటే.

నాణెం నిజంగా అరుదైనదై, నకిలీలు ఎక్కువ ఉన్న రకమై, ఎవరూ కడగనిదైతే లెక్క తిరగబడుతుంది. ఉదాహరణకి 1939 ఆరో జార్జి రూపాయి. పాత వెండి పాలుతో వచ్చిన చివరిది, దొరకడం చాలా కష్టం, అందుకే దానికి నకిలీలు కూడా ఉన్నాయి. అలాంటిది మీ ఇంట్లో ఉందనిపిస్తే వెంటనే సంబరపడకండి, ముందు తూచండి. 11.66 దగ్గర ఉండాలి. ఆ తర్వాత తెలిసినవాళ్లకి చూపించండి. అలాంటి నాణేనికి నిపుణుడి సర్టిఫికెట్ మీద పెట్టే డబ్బు వృథా కాదు, ఎందుకంటే సర్టిఫికెట్ లేకుండా దాన్ని ఎవడూ నమ్మడు. మా డబ్బాలో అలాంటిది లేదు.

ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పా. టూత్‌పేస్ట్ సంగతి చెప్పేటప్పుడు చిన్నమ్మ ముఖం చూడలేకపోయా. లక్షలు రావని తెలిసినా, ఆ ఒక్కదాని మీద ఆమెకి ఎక్కడో ఆశ ఉంది. బోరు అప్పు నాది కాదు కదా, ఆమెది. ఆమె మాత్రం, "మీ అవ్వ ఉంటే తనే చింతపండేసి తోమేదిలేరా" అంది. నా కోసమే అలా అందని నాకు తెలుసు.

చివరికి ఎనిమిది అమ్మాం. 1900, 1907, మూడు 1918లు, 1919, 1920 వెండి రేటుకి కొంచెం పైన పోయాయి. 1911ని కడిగినదని ముందే చెప్పి అమ్మా. మాట్లాడింది పెద్దాయనకే, ఆయన వెండి విలువకి రెండింతలు ఇచ్చారు. ఇవాళ సాయంత్రం దీన్ని ఆయన చేతిలో పెట్టాలి, మీకు చూపించడానికే ఆపా. డబ్బు మొత్తం చిన్నమ్మకే ఇచ్చేద్దాం అంది మా అమ్మ. అది అప్పులో రెండు నెలల వడ్డీకి సరిపోయింది.

1944 నాకిచ్చారు, థంబ్‌నెయిల్స్ కోసమట, వెటకారంగా. కొక్కెం తీసేసిన 1862 రూపాయలు మాత్రం ఎవరూ అమ్ముదామనలేదు. అమ్మకొకటి, చిన్నమ్మకొకటి. పోయిన శుక్రవారం పూజకి అమ్మ తనదాన్ని బయటికి తీసింది. చిన్న గిన్నెలో చింతపండు నానబెట్టి ఉంది. నేను భూతద్దం పట్టుకుని పక్కనే నిలబడ్డా. అమ్మ నా వైపు చూసి, "ఇప్పుడు తోమొచ్చా, తోమకూడదా?" అని అడిగింది.

తోమమన్నా.